గోటికొండ స్వామి గోకిన రాచ్చిప్ప

పూర్వం, నేడు గోటికొండ అని పిలువబడుతున్న ఈ గిరిశిఖరానికి ఇంకా ఆ పేరు రాని కాలంలో, ఇక్కడి గుహాలయంలో వెలసిన శ్రీ నృసింహస్వామివారి మడపళ్ళిలో, అనగా నైవేద్యాలు వండే వంటశాలలో, అళసింగాచార్యులనే మహానుభావులు పాకకైంకర్యం చేసేవారు. ఆయన పొంగలి ఘుమఘుమ కొండ దిగువకు సోకితే దైవచింతన ఎరుగనివారు సైతం పరుగున మెట్లెక్కేవారని ప్రతీతి. ఆ భక్తి స్వామి మీదనో పొంగలి మీదనో మనం తర్కించనవసరం లేదు.

ఆ ఆలయంలో నైవేద్యం పెట్టి తెర వేసేముందు, నాటి వంట ఎవరిదో అర్చకులు పేరు పెట్టి స్వామికి విన్నవించడం ఆచారం. ఆచార్యులవారి కుమారుడు వకుళాభరణుడు తెల్లవారింది మొదలు పొయ్యి ముందు ఎంత చెమటోడ్చినా, చివరి గరిటెడు నేయి తండ్రి పోసేవారు గనుక విన్నపం తండ్రి పేరనే సాగేది. తన పేరు ఒక్కసారైనా స్వామి చెవిని పడాలని ఆ యువకుడు తహతహలాడేవాడు. అంతలోనే, అంతటి తండ్రి ఉండగా తనకేమి అర్హత అని కుంగిపోయేవాడు.

ఒక నృసింహజయంతినాడు ఆచార్యులవారు జ్వరంతో మంచం దిగలేకపోగా, పొంగలి భారం కొడుకు మీద పడింది. చేతనైన పనే అయినా తన చేతిని తానే నమ్మని వకుళాభరణుడు, మిరియాలెన్ని, అల్లమెంత, నేయి ఇప్పుడా తరువాతనా అని అడగడానికి మాటిమాటికీ ఇంటికి పరుగెత్తి వెళ్ళి వస్తుండగా, ఇక్కడ రాచ్చిప్పలో, అనగా రాతిగిన్నెలో, పొంగలి కాస్తా అడుగంటి మాడిపోయింది.

మళ్ళీ వండే వ్యవధి లేదు. అర్చకస్వామి వాసన పట్టి ముఖం చిట్లించి, "పోనీలే నాయనా, ఎప్పటిలాగే మీ నాన్నగారి పేరే చెప్పేస్తాను" అన్నారు.

"వద్దు స్వామీ! నాన్నగారి చేతిలో మెతుకైనా మాడి ఎరగదు. మాడ్చింది నేను. వకుళాభరణుడు వండాడనే చెప్పండి" అన్నాడతడు.

రాచ్చిప్పను స్వామి ముందుంచాక విన్నపం అలాగే జరిగింది. తెర పడగానే లోపల గరగరమని చప్పుడు. తెర తీసి చూడగా పొంగలి సగం మాయమై, ఆ సగం కింద అడుగున పట్టిన మాడు సైతం రాయి తేలేటట్టు గీకబడి, రాతిలో ఐదు గోళ్ళ చారలు లోతుగా దిగి ఉన్నాయి. హిరణ్యకశిపుని చీల్చిన గోళ్ళకు ఆనాడు మాడు గీకే పని పడిందన్నమాట!

కబురు విని కంబళి కప్పుకొని వచ్చిన ఆచార్యులవారు ఆ చారలను తడిమి, మిగిలిన మాడు కొంచెం నోట వేసుకొని, కొడుకును కౌగలించుకొని, "బాగుందిరా వకుళా! నా జన్మంతా వండాను గాని, స్వామి ఒక్కనాడైనా నా గిన్నె గోకలేదురా!" అని పకపక నవ్వారట. వకుళాభరణుడు మాత్రం ఆనందం పట్టలేక వెక్కివెక్కి ఏడ్చాడు.

ఆ చారల వల్లనే ఇది గోటికొండ అయింది. రాచ్చిప్పను నేటికీ మడపళ్ళిలో దర్శించవచ్చు. జయంతినాడు పొంగలిని కోరి అడుగంటించి, మొదటి మాడుముక్కను వండినవాని తండ్రి చేతిలో పెడతారు. ఆ పెద్దాయన అది నమిలి, అందరికీ వినబడేటట్టు "బాగుందిరా" అనాలి. అనేదాకా ఎవరికీ ప్రసాదం అందదు గనుక, కొండెక్కిన జనమంతా ఆ తండ్రి నోటివైపే చూస్తూ నిలబడతారు.