పొడవాటి షాకులు

పైడిరాజుకు ఆశ్రమంలో అన్నీ నచ్చాయి, ఒక్క జీపు తప్ప.

పాడేరు దాటాక కొండల నడుమ ఉండే ఆ ఆశ్రమం చిన్నది. రెండు పెంకుటిళ్లు, ఓ పసుపు తోట, ఒక స్వామి, నలుగురైదుగురు శిష్యులు. స్వామికి దీక్షానామం ఏదో పెద్దదే ఉంది గాని, కొండ మీది జనం ఆయన్ని జీపుసామి అనే పిలుస్తారు. పై గూడేల్లో ఎవరికి నొప్పులొచ్చినా, పాము కరిచినా, జ్వరం ముదిరినా ఆయన జీపే దిక్కు. ఆయన బండి నడిపే తీరు చూస్తే మాత్రం రోగి రోగం మరిచిపోయి దేవుణ్ని తలుచుకునేవాడు. అందుకే పైడిరాజు వచ్చిన కొన్నాళ్లకే తాళాలు వాడి చేతికి వచ్చాయి.

సన్యాసం పుచ్చుకుందామని వచ్చిన పైడిరాజు అంతకుముందు విశాఖపట్నం ఆటోనగర్లో జీపులు విప్పి బిగించేవాడు. మంచి పనివాడు. ఆ సంగతి వాడికీ తెలుసు, కాస్త ఎక్కువే తెలుసు.

వాడి బాధంతా గొందిమెట్ట దారి గురించి. ఆ గూడేనికి వెళ్లే దారిలో ఎలుగుగెడ్డ అనే వాగు అడ్డం వస్తుంది. వానలకు గెడ్డ ఒక పక్క నేలను కోసేసి గొయ్యి చేసింది, రెండో పక్క బండ తేలింది. జీపు అందులోకి దిగగానే ముందు చక్రాల్లో ఒకటి బండెక్కుతుంది, రెండోది గోతి మీద గాల్లో వేలాడుతూ ఊరికే గిరగిరా తిరుగుతుంది. బండి ఇంక కదలదు. గెడ్డ అవతలి జనానికి డోలీయే గతి. కర్రకు దుప్పటి కట్టి, అందులో మనిషిని పడుకోబెట్టి, ఇద్దరు మోసుకుని గెడ్డ దాకా తేవాలి.

కిందటేడు వానల్లో వంతల చిలకమ్మ అలాగే డోలీలో వస్తూ దారిలోనే బిడ్డను పోగొట్టుకుంది. పైడిరాజు ఆవేళ గెడ్డకు ఇవతల జీపు దగ్గర నిలబడి ఆమె ఏడుపు విన్నాడు. కళ్ల ముందే ఉన్నా అవతలికి పోలేకపోయాడు. తర్వాత జపానికి కూర్చున్నా, అన్నానికి కూర్చున్నా ఆ ఏడుపే వినపడేది.

ఈ ఏడు చిలకమ్మ మళ్లీ నిండు నెలలతో ఉంది.

"తప్పంతా కుదుపులు ఆపే ఈ షాకులది స్వామీ" అన్నాడు పైడిరాజు ఒకరోజు. "పాతవి పొట్టివి. చక్రం కిందికి దిగుదామని చూస్తుంది, షాకు దిగనివ్వదు. పట్టుకుని పైకి లాగేస్తుంది. ముష్టి షాకులు! పొడవాటివి వేస్తే చక్రం గోతిలోకి దిగి నేలను పట్టుకుంటుంది. ఈసారి చిలకమ్మ గుమ్మం ముందుకే జీపు తీసుకెళ్తాను."

స్వామి ఎండబెట్టిన పసుపుకొమ్ములు ఏరుతున్నారు. "మంచిదే కదరా. వెయ్యి" అన్నారు.

వాడు పట్నం వెళ్లి పొడవాటి షాక్ అబ్జార్బర్లు తెచ్చాడు. వాటికి చోటు చాలదని పైన పట్టే బ్రాకెట్లను ఎత్తుకు జరిపి వెల్డింగు చేయించాడు. స్ప్రింగుల్లా పనిచేసే కమాను కట్టలు విప్పి, తుప్పు గీకి, గ్రీజు పూసి మళ్లీ బిగించాడు. ఆ తర్వాత పరీక్ష. జీపు నిండా పసుపు బస్తాలు వేశాడు. చాలవన్నట్టు తోటి శిష్యులను బంపరు మీదికెక్కించి ఎగరమన్నాడు. మౌనవ్రతంలో ఉన్న శిష్యుడు కూడా చప్పుడు చేయకుండా ఎగిరాడు. జీపు కిందికి ఒదిగి, హాయిగా పైకి లేచింది. షాకు ఎక్కడా మొత్తం నొక్కుకుపోయి అడుగు తాకలేదు.

"చూశారా!" అన్నాడు పైడిరాజు నుదుటి మీద గ్రీజుతో.

చిలకమ్మ మొగుడు బొంజుబాబు సంతకు వచ్చినప్పుడు వాడే ఎదురెళ్లి మాటిచ్చాడు. "ఈసారి డోలీ కట్టొద్దు. కబురు చెయ్యి, నేనొస్తాను."

బొంజుబాబు వాడి ముఖంలోకి చూశాడు. "నమ్మొచ్చా బాబూ?"

"నమ్ము."

కబురు చెయ్యడానికి ఫోన్లు పలికే చోటు కాదది. ఒక పొద్దున్న బొంజుబాబే ఆశ్రమానికి పరిగెత్తుకొచ్చాడు. చెమటతో చొక్కా ఒంటికి అతుక్కుపోయింది.

"తెల్లారగట్ల నుంచి దానికి నొప్పులొస్తన్నాయి సామీ. నీ శిష్యుడి మాట నమ్మి నాను డోలీ కట్టలేదు."

పైడిరాజు అప్పటికే జీపు దగ్గరున్నాడు. స్వామి కూడా వచ్చి ముందు సీట్లో కూర్చున్నారు. ఆయన ఎందుకు వస్తున్నారో వాడు అడగలేదు గాని, తన పనితనం కళ్లారా చూస్తారు కదా అని మాత్రం సంతోషించాడు. బొంజుబాబు వెనకెక్కి పైకమ్మీ పట్టుకున్నాడు.

గెడ్డ వచ్చింది. పైడిరాజు మెల్లగా దించాడు. కుడి చక్రం బండెక్కింది. జీపు ఒక పక్కకు ఒరిగింది. ఎడమ చక్రం కిందికి, ఇంకా కిందికి దిగి, గోతి అడుగున నేలను తాకి నిలబడింది.

అత్యవసరంగా పోతున్న మనిషి అక్కడ ఆగకూడదు. కాని ఏం చేస్తాం, వాడికి ఆగాలనిపించింది. చేతి బ్రేకు లాగి కిందికి దూకాడు.

"చూడండి స్వామీ! నేలను వదల్లేదు! ఇంక దీన్ని ఆపేదే లేదు!"

బొంజుబాబు కూడా దిగి చక్రం చూశాడు. పొద్దున్నుంచి మొదటిసారి నవ్వాడు. ఇద్దరూ ఆ చక్రాన్ని పెళ్లికొడుకును చూసినట్టు చూస్తున్నారు.

స్వామి దిగి గొంతుక్కూర్చున్నారు. వాళ్లు చక్రం చూస్తుంటే ఆయన చక్రం వెనక చూశారు. 

"పైడీ, ఇలా రా. చెయ్యి ఇవ్వు."

వాడి చెయ్యి పట్టుకుని చక్రం వెనక్కి తీసుకెళ్లారు. బండి చట్రమైన ఛాసిస్ నుంచి చక్రానికి బ్రేకు నూనె మోసుకెళ్లే రబ్బరు గొట్టం ఉంటుందక్కడ. మామూలుగా అది వదులుగా వంపు తిరిగి వేలాడుతుండాలి. ఆయన వాడి చూపుడువేలు దాని మీద పెట్టారు.

"మీటు."

పైడిరాజు మీటాడు. తీగలా బిగుసుకున్న గొట్టం టంగుమంది.

 గొట్టం రెండు కొసలూ తడిమి చూశాడు. ఎక్కడైనా చెమ్మ తగులుతుందేమోనని వెతికాడు. తగల్లేదు.

"పొడిగానే ఉందిగా" అన్నారు స్వామి.

"పొడిగానే ఉంది స్వామీ."

గొయ్యి ఇంకో జానెడు లోతుంటే ఆ గొట్టం తెగేది. అది పాత జీపు. ఒక్క గొట్టం తెగితే నాలుగు చక్రాలకూ బ్రేకు ఉండదు. వచ్చేటప్పుడు గెడ్డ దాటాక ఆశ్రమం దాకా అంతా దిగుడే. ఆ దిగుడులో వెనక సీట్లో చిలకమ్మ ఉంటుంది.  తాను నోరారా తిట్టిపోసిన ఆ పొట్టి షాకే ఇన్నాళ్లూ చక్రాన్ని పట్టుకుని గొట్టాన్ని కాపాడుతూ వచ్చిందని అప్పుడు అర్థమైంది.

"కిందికి నొక్కి చూశాను స్వామీ" అన్నాడు. "చక్రాన్ని వేలాడదీసి చూడలేదు."

స్వామి జీపు వెనక నుంచి బండి లాగడానికి పెట్టుకున్న మోకు తెచ్చి వాడి చేతిలో పెట్టారు.

"ఎంతలో కట్టాలో నాకు తెలీదు. నీకు తెలుసు."

బొంజుబాబుకు కాళ్లు నిలవడం లేదు. "ఆలీసమైపోతాది సామీ! అది అక్కడ ఒక్కత్తే ఉంది."

"నాలుగు ముళ్లే నాయనా. కట్టుకునే పోదాం" అన్నారు స్వామి.

పైడిరాజు జీపును వెనక్కి తీసి చదునులో నిలిపాడు. గొట్టం మళ్లీ వదులైంది. కింద దూరి, ఇరుసుకూ ఛాసిస్‌కూ మధ్య మోకును నాలుగు మడతలు వేసి బిగించి కట్టాడు. గొట్టం సాగకముందే మోకు బిగుసుకునేటట్టు కొలత చూసుకున్నాడు. రెండో పక్కా అలాగే కట్టాడు. స్వామి పక్కన కూర్చుని మోకు కొస పట్టుకున్నారు, అంతే. వెనక ఇరుసుకు వెళ్లే గొట్టం కూడా చూశాడు. అది వదులుగానే ఉంది. ఇంకోసారి చూశాడు.

ఈసారి గెడ్డలో దిగితే చక్రం గోతి అడుగు దాకా వెళ్లలేదు. మోకు బిగుసుకుని కాస్త పైనే ఆపేసింది. వాడు గొట్టం మీటి చూశాడు. మెత్తగా ఊగింది. ఇదివరకు చక్రానికి అందేంత ఎత్తు రాళ్లు పేర్చితే, అది ఎక్కగానే జారిపోయేవి. ఇప్పుడు బొంజుబాబు, వాడు కలిసి పట్టుకొచ్చిన బండరాళ్లు రెండు మూడు చాలాయి. చక్రం వాటిని పట్టుకుంది. జీపు గెడ్డ దాటింది.

గొందిమెట్టలో జీపు చిలకమ్మ గుమ్మం ముందు ఆగితే గూడెమంతా బయటికొచ్చింది. అక్కడికి చక్రాలున్నది ఏదీ అంతకుముందు రాలేదు. చిలకమ్మ నొప్పుల మధ్యే తల తిప్పి చూసి, "వచ్చీసినావా బాబూ" అంది. పైడిరాజు తల ఊపాడు. 

దిగేటప్పుడు వాడు అంత నెమ్మదిగా, జాగ్రత్తగా బండి నడపడం స్వామి అంతవరకూ చూడలేదు. గెడ్డలో మోకు కిర్రుమంది, బండి ఒరిగింది, చిలకమ్మ మొగుడి చెయ్యి పట్టుకుని అరిచింది. ముందుచక్రం రాళ్ల మీద నుంచి జారకుండా ఇవతలికి వచ్చింది. తర్వాత దిగుడు. పైడిరాజు కాలు బ్రేకు మీదే ఉంది. తొక్కిన ప్రతిసారీ పెడలు గట్టిగా తగులుతుంటే వాడి కంట నీరు తిరిగింది. చిలకమ్మ ఏడుస్తూనే ఉంది. కాని ఇప్పుడా ఏడుపు తన వెనకే, తన బండిలోనే ఉంది, ముందుకు కదులుతోంది.

మధ్యాహ్నానికి పాడేరు ఆసుపత్రిలో ఆడపిల్ల పుట్టింది. తల్లీ పిల్లా క్షేమం. బొంజుబాబు బయటికొచ్చి, ఆ మాట చెప్పడానికి ప్రయత్నించి, చెప్పలేక పైడిరాజును రెండు చేతులా పట్టుకుని ఊపేశాడు. లోపల పిల్ల ఏడుపు వినపడుతోంది.

పైడిరాజు వచ్చి జీపు పక్కన నేల మీదే చతికిలబడ్డాడు. నవ్వొచ్చింది. నవ్వుతుంటే ఏడుపొచ్చింది. గుండెల మీద నుంచి పసుపు బస్తా ఎవరో దించేసినట్టుంది. స్వామి ఎదురుగా ఉన్న కొట్టు నుంచి రెండు గ్లాసుల టీ పట్టుకొచ్చి, ఒకటి వాడికిచ్చి పక్కనే కూర్చున్నారు. 

"పాత షాకులే మళ్లీ బిగించేస్తాను స్వామీ."

"ఎందుకురా? చక్రం కిందికి దిగబట్టే కదా ఇవాళ గెడ్డ దాటాం. పొడవువే ఉండనీ."

పైడిరాజు ఆలోచించాడు. మెకానిక్కు బుర్ర ఊరుకుంటుందా. "అయితే గొట్టం కూడా పొడవాటిది వేసేస్తాను. అప్పుడు మోకుతో పనుండదు."

"వెయ్యి. దాని తర్వాత ఇంకోటి బిగుసుకుంటుంది."

వాడు జీపు కిందికి చూశాడు. గొట్టం పొడవైతే స్టీరింగు రాడ్డు ఉంది. అదీ కాకపోతే ఇరుసును తిప్పే షాఫ్టు ఉంది. ఒక్కొక్కటే లెక్కేసుకుంటూ పోయి ఊరుకున్నాడు.

స్వామి గ్లాసు అడుగున మిగిలిన టీ గుక్క తాగేసి లేచారు.

"దిగేది ఏదైనా ఎక్కడో ఒకచోట ఆగాలి కదరా పైడీ. ఎక్కడ ఆగాలో నువ్వు చెప్పలేదు. పాపం, ఆ గొట్టం చెప్పబోయింది."