ఇంజనుకు బిగించిన వేపపుల్ల

గోదావరి సముద్రంలో కలిసే చోట, పైడిలంక అనే ఊళ్లో, బోటు నడపడంలో సాటిలేనివాడని పేరుపడి, ఎవరైనా తప్పు చూపిస్తే మాత్రం తేలు కుట్టినట్టు ఎగిరిపడే పోసియ్య అనే సరంగు ఉండేవాడు.

ఆ పేరు ఊరికే రాలేదు. వరద గోదావరికి ఎదురు నడుపుతూ, ఒక చేత్తో ఇంజను పిడి పట్టుకుని, రెండో చేత్తో టీ గ్లాసు చుక్క తొణక్కుండా తాగినవాడు పోసియ్య. కన్ను పొడుచుకున్నా కనపడని మంచులో గాలి వాసన చూసి రేవు పేరు చెప్పేవాడు. అతను ఒక్కసారి గొంతు సవరించుకుంటే ఇసుక తిప్పలే పక్కకు జరిగి దారి ఇచ్చేవి! చూసినవాళ్లు ఇంకా ఉన్నారు.

అతని బోటులో గెడ పట్టుకుని ముందు నిలబడేవాడు బావమరిది ధర్మన్న. ధర్మన్నకు ఒకటే అలవాటు. కంటికి కనపడింది కనపడినట్టు చెప్పేసేవాడు.

"బావా, తాడు నలిగింది."

"బావా, నీ చొక్కా తిరగేసి ఉంది."

వింటుంటే పోసియ్యకు ఒళ్లు మండిపోయేది. చొక్కా తిరగేసే ఉంచుకుని సాయంత్రం దాకా తిరిగేవాడు గాని, సరిచేసుకునేవాడు కాదు.

ఒకరోజు పొద్దున్నే పైడిలంక నుంచి అవతలి ఒడ్డున ఉన్న చింతలరేవుకు పెళ్లివారి బోటు బయల్దేరింది. పెళ్లికొడుకు అబ్బులు మధ్యలో కూర్చున్నాడు. అతని మేనత్త మంగాయమ్మ కొత్త పట్టుచీర కట్టుకుని వెనక బల్ల మీద, ఇంజను పక్కనే కూర్చుంది.

ఆ ఇంజను సంగతి కాస్త చెప్పాలి. అది బోటు వెనక తగిలించే రకం. నీళ్లలో మునిగి ఉండే దాని కాలికి సన్నటి చీలికలు ఉంటాయి. వాటిలోంచి నది నీళ్లు పీల్చుకుని ఒళ్లు చల్లబరుచుకుంటుంది. అందులో కొంచెం నీటిని పక్కనున్న బెజ్జంలోంచి సన్నటి ధారగా బయటికి వదులుతుంది. ధార పడుతోందంటే ఇంజనుకు నీళ్లు అందుతున్నాయని లెక్క.

ఆ రోజు గాలి ఎదురు తిరిగి, ఆ ధార తుంపరై మంగాయమ్మ చీర మీద పడింది.

"ఒరే పోసియ్యా! పెళ్లికి తీసుకెళ్తున్నావా, స్నానానికి తీసుకెళ్తున్నావా?" అంది ఆవిడ. బోటంతా గొల్లుమంది.

పోసియ్య ముఖం ఎర్రబడింది. చెవిలో పెట్టుకున్న వేపపుల్ల తీశాడు. కొస చెక్కి ఆ బెజ్జంలో గట్టిగా బిగించాడు. ధార ఆగిపోయింది.

"బావా, అది మూయకు," అన్నాడు ధర్మన్న.

"ఏం? ఈ ఇంజను నాకు మీ అక్క కంటే ముందు నుంచి తెలుసు."

"పుల్ల పెట్టినంత మాత్రాన ఇంజను ఆగదు. నేనూ ఒప్పుకుంటాను. కానీ నిజంగా నీళ్లు అందని రోజున మనకు ఎలా తెలుస్తుంది?"

"పెళ్లివారి ముందు నాకు పాఠాలా? చింతలరేవు చేరేదాకా నోరు విప్పావంటే నా మీద ఒట్టే!"

ధర్మన్న నోరు మూసుకున్నాడు. బోటు బాణంలా దూసుకుపోయింది. "చూశావా?" అన్నట్టు పోసియ్య మీసం తిప్పాడు.

నడి గోదావరి వచ్చింది. ఆనవాయితీ ప్రకారం మంగాయమ్మ లేచి పసుపు, కుంకుమ, కొత్త రవికె గుడ్డ చేతిలోకి తీసుకుంది. "తల్లీ గోదారమ్మా, మా అబ్బులు కాపురం చల్లగా చూడమ్మా," అని నీళ్లలో విడిచింది. పసుపు కుంకుమలు నీళ్లలో కలిశాయి. రవికె గుడ్డ మాత్రం బోటు కిందుగా జారి ఇంజను కాలికి చుట్టుకుంది. నీళ్లు పీల్చే చీలికలకు అతుక్కుపోయింది. ఆ సంగతి ఎవరికీ తెలియలేదు.

ధార పడుతూ ఉంటే పోసియ్య డేగకన్ను అది ఆగిన క్షణమే పట్టేసేది. కానీ ఆ కంటికి చూడ్డానికి అక్కడేమీ లేదు.

ముందు ధర్మన్నకే ఇంజను కాలుతున్న వాసన తగిలింది. ముక్కు మూసుకుని ఇంజను వైపు చెయ్యి చూపించాడు. విసనకర్రలా చేతులు ఊపాడు. నాలుక బయటపెట్టి రొప్పాడు.

"భలే వేషం కడుతున్నాడర్రా!" అని పెళ్లివారు చప్పట్లు కొట్టారు. పోసియ్య ముఖం తిప్పుకున్నాడు.

అంతలో ఇంజను దగ్గింది. మూలిగింది. ఆగిపోయింది.

అది పాటు వేళ. నది నీరంతా సముద్రంలోకి లాగేస్తోంది. లంగరు వేస్తే ఇసుకలో పట్టు దొరకలేదు. దూరాన నది సముద్రంలో కలిసే మొగ దగ్గర కొండల్లాంటి కెరటాలు విరిగి తెల్లగా లేస్తున్నాయి. అక్కడికి చేరిన బోటు తిరిగి రాదు. మంగాయమ్మ అబ్బులును గట్టిగా పట్టుకుంది.

పోసియ్య ఇంజను తాడు లాగబోయాడు. ధర్మన్న చెయ్యి పట్టుకుని ఆపాడు. అబ్బులు తండ్రి ఇంజను మీద పోద్దామని బాల్చీతో నీళ్లు ఎత్తాడు. ధర్మన్న బాల్చీ లాక్కున్నాడు. నోట మాట మాత్రం లేదు. ఒట్టు ఒట్టే మరి!

పోసియ్య ఒకసారి మొగ వైపు చూశాడు. ఒకసారి బోటు నిండా ఉన్న జనాన్ని చూశాడు. ఏనుగునైనా అవలీలగా ఎత్తగల మనిషికి ఒక్క మాట ఎత్తడం బరువైంది. అయినా ఎత్తాడు. అదీ మగతనమంటే!

"ఒరే ధర్మా, నాదే తప్పు. ఒట్టు తీసి గట్టు మీద పెట్టాను. చెప్పరా!"

"గట్టు ఇంకా చాలా దూరం ఉంది బావా. అయినా చెబుతాను," అన్నాడు ధర్మన్న. "కాగిన ఇంజను మీద చన్నీళ్లు పోస్తే పగులుతుంది. ఇప్పుడే తిప్పితే లోపల పట్టేసి బిగుసుకుపోతుంది. ముందు దాన్ని చల్లారనివ్వాలి. నేను దాని కాలు చూస్తాను. అంతదాకా బోటును నువ్వే ఆపాలి."

పోసియ్య రెండు తెడ్లూ అందుకున్నాడు. ఆహా, ఏం తెడ్డువేత అది! అతని భుజాలు కదులుతుంటే బోటు నిలిచిందో, గోదావరే వెనక్కి నడిచిందో ఎవరూ చెప్పలేకపోయారు. సముద్రుడు అటు లాగాడు, పోసియ్య ఇటు లాగాడు. సముద్రుడికే ఆయాసం వచ్చింది!

ధర్మన్న ఇంజనును పైకి వంచి చూశాడు. కాలికి చుట్టుకున్న రవికె గుడ్డను మెల్లగా విప్పాడు.

"అయ్యో, గోదారమ్మకు పెడితే ఇంజనమ్మ కట్టుకుందేంట్రా!" అంది మంగాయమ్మ. అంత భయంలోనూ జనం నవ్వారు.

ఇంజను చెయ్యి పెట్టగలిగేంత చల్లారాక ధర్మన్న వేపపుల్ల పీకి, తాడు లాగాడు. ఇంజను అందుకుంది. ధార మాత్రం రాలేదు. వెంటనే ఆపేశాడు.

"లోపల నీళ్లు తోడే రబ్బరు రెక్కలు కాలిపోయాయేమోరా," అన్నాడు పోసియ్య రొప్పుతూ.

"అయ్యుండొచ్చు. కానీ ముందు సులువైంది చూద్దాం బావా. పుల్ల కొస ఇందులోనే విరిగింది. అత్తా, నీ పైట పిన్నీసు ఇలా ఇవ్వు."

పిన్నీసుతో పొడిచి పుల్ల ముక్క బయటికి లాగాడు. మళ్లీ తాడు లాగాడు. బెజ్జంలోంచి ముందు ఆవిరి వచ్చింది. తర్వాత వేడి చుక్కలు పడ్డాయి. ఆ తర్వాత చల్లటి ధార బయటికి చిమ్మింది. బోటంతా ఈలలు!

తుంపర మళ్లీ మంగాయమ్మ మీదే పడింది.

"పక్కకు జరుగు అత్తా, చీర తడుస్తుంది," అన్నాడు పోసియ్య.

"తడవనివ్వరా! ఇది ఆగితే ముందు నేనే కేకేస్తాను," అంది ఆవిడ.

ముహూర్తం తప్పలేదు. రేవులో మేళం మోగుతుంటే జనం పోసియ్యను భుజాలకెత్తుకోబోయారు. అతను వద్దన్నాడు.

"నేను ముంచబోయాను. ఒడ్డున పడేసింది మా ధర్మన్న. వాణ్ణి ఎత్తండి," అన్నాడు.

జనం ఎత్తుకున్నారు. ఆ భుజాల మీద నుంచే ధర్మన్న కిందికి చూసి, "బావా, నీ చొక్కా తిరగేసి ఉంది," అన్నాడు.

పోసియ్య అక్కడే, అంతమంది ముందూ, చొక్కా విప్పి సరిగ్గా వేసుకున్నాడు. ఆ పైన ఆ బెజ్జానికి ఎన్నడూ పుల్ల పెట్టలేదు, ధర్మన్న నోటికి ఒట్టు వేయలేదు.

నీతి: లోపం చెప్పే నోరు మూయిస్తే లోపం పోదు, దాన్ని దిద్దుకునే సమయం పోతుంది.