బొంతయ్య చింతపిక్కల కుప్ప

గోగులకొండ అడవిలో బొంతయ్య అనే ఎలుగుబంటి, సూదమ్మ అనే ముళ్లపంది, ఒక కుందేలు ఉండేవి. ఆ అడవిలో వాన చుక్క పడని గుహ ఒక్కటే. అందుకే ఏటా తొలకరికి ముందు చింతపిక్కల పందెం పెట్టుకునేవి. గెలిచినవారిదే ఆ ఏడు గుహ.

ఆట తేలికే. తలా ముప్పై పిక్కలు. ప్రతి ఆటకూ ఒక పిక్క మధ్యలో వేసి, ఆకుల గుట్టలోంచి ఒక ఆకు తీసి, దాని మీది చుక్కలు చాటుగా చూసుకోవాలి. నమ్మకం ఉంటే ఇంకొన్ని పిక్కలు తోయాలి, లేకపోతే ఆకు పడేయాలి. ఎక్కువ చుక్కలున్నవారికి మధ్యలోని పిక్కలన్నీ. చివరికి అందరి పిక్కలూ ఎవరి దగ్గర చేరితే వారిదే పందెం.

సూదమ్మకు ఆ ఏడు నాలుగు పసికూనలు. వాటి ముళ్లింకా గట్టిపడలేదు. గుహ దక్కకపోతే పిల్లలు వానకు ఏమైపోతాయోనని, పాపం, ఆమెకు ఒకటే బెంగ.

మొదట బొంతయ్య బుద్ధిగానే ఆడాడు. మంచి ఆకు పడ్డప్పుడే తోశాడు. కుందేలు పిక్కలన్నీ పోగొట్టుకుని తప్పుకుంది. మధ్యాహ్నానికి బొంతయ్య ముందు డెబ్బై, సూదమ్మ ముందు ఇరవై. అతను గుప్పెడు తోస్తే చాలు, సూదమ్మ భయపడి ఆకు పడేసేది.

అలాగే ఆడితే గుహ అతనిదే. కానీ కుప్పను చూసుకుని కళ్లు నెత్తికెక్కాయి. ఆకు చూడటమే మానేశాడు.

"చూసుకోవేం అన్నా?" అంది సూదమ్మ.

"ఇంత కుప్ప ఉన్నవాడికి చూడటం దేనికి చెల్లీ? పోతే పది పిక్కలు!"

సూదమ్మ చెడ్డ ఆకు వస్తే పడేసి, ఒక్క పిక్క నష్టంతో సరిపెట్టుకుంది. మంచి ఆకు వస్తే పది తోసింది. బొంతయ్య ప్రతిసారీ "ఆఁ, పదేగా!" అంటూ తనూ పది తోశాడు. పొద్దు వాలేసరికి పెద్ద కుప్ప సూదమ్మ ముందుంది. బొంతయ్యకు పదే మిగిలాయి.

"ఇప్పుడు కుప్ప నీదేగా! దమ్ముంటే ప్రతి ఆటా నాతో తలపడు," అని రెచ్చగొట్టాడు.

సూదమ్మ తన ఆకు చూసుకుని పడేసింది. "కుప్ప పెరిగిందని ఆకుకు చుక్కలు పెరగవు కదన్నా."

ఆ తర్వాత మూడో ఆటకు ఆమెకు చుక్కలు నిండిన ఆకు వచ్చింది. అప్పుడు గట్టిగా తోసింది. బొంతయ్య ఉన్నవన్నీ తోసి ఓడిపోయాడు.

అంతలో వాన మొదలైంది. సూదమ్మ పిల్లలతో గుహలో చేరింది. బొంతయ్య తడుస్తూ గుహ ముందు నిలబడ్డాడు.

"నా కుప్పంతా ఎటు పోయింది చెల్లీ?"

"ఒక్కసారిగా పోలేదన్నా. పది పదిగా నువ్వే సాగనంపావు," అంది సూదమ్మ. అతన్ని చూస్తే జాలేసింది. "ఇక్కడ ఈదురుగాలి కొడుతోంది. వాకిలికి అడ్డంగా పడుకుంటావా?"

బొంతయ్య సిగ్గుపడుతూ లోపలికి వచ్చి పడుకున్నాడు. లోపలికి గాలి కొట్టడం ఆగిపోయింది. నాలుగు పిల్లలూ అతని పొట్టను ఆనుకుని నిద్రపోయాయి. లేత ముళ్లు గుచ్చుకుంటున్నా అతను తెల్లారేదాకా కదల్లేదు.

నీతి: కలిమి ఉన్నప్పుడే ఆచితూచి అడుగెయ్యాలి, కొండంత కుప్పయినా "కొంచెమేగా" అంటూ ఉంటే కరిగిపోతుంది.