ముత్తాతగారికి తాఖీదు

చీనా దేశంలో, కొండల నడుమ, ఒకానొక చిన్న రాజ్యం ఉండేది. దానికి షావ్‌దే అనే రాజు. మనిషి చెడ్డవాడు కాడు గానీ, తన మాటను అప్పటికప్పుడు రాతిమీద చెక్కకపోతే ఆయనకు అన్నం సహించేది కాదు. అందుకోసం పన్నెండుమంది శిల్పులు ఉలులు పట్టుకుని ఎప్పుడూ కొలువులోనే కాచుకుని ఉండేవారు.

ఆ కొలువులో లో ఫూ అనే హాస్యగాడు ఉండేవాడు. రోజూ పొద్దున్నే చెంగ్ దుకాణంలో రెండు గిన్నెల వేడి నూడుల్స్ లాగిస్తేగానీ అతనికి ఒక్క చమత్కారమూ తోచేది కాదు.

ఆ చెంగ్, గొడుగులు చేసే యావ్ ముప్పై ఏళ్ళుగా కాపురం చేస్తున్నారు. ఇద్దరూ మగవాళ్ళే. ఒకే ఇల్లు, ఒకే పొయ్యి, రోజూ ఒకటే పోట్లాట: ఉప్పు ఎక్కువైందని యావ్, కాలేదని చెంగ్. ఊళ్ళో ఎవరింట పెళ్ళయినా ఇద్దరినీ కలిపే పిలిచేవారు.

ఇలా ఉండగా గూ బాన్ అనే మంత్రి పదేళ్ళు విదేశాల్లో చదువుకుని తిరిగొచ్చాడు. వస్తూనే ఈ ఇద్దరి సంగతి విని ముక్కు మూసుకుని, "ప్రభూ! మగవాడితో మగవాడు కాపురమా! ఇది మన పెద్దలు ఎరగని పాడు అలవాటు!" అన్నాడు.

రాజుగారికి ఆ మాట ఎక్కింది. వెంటనే ఉలులు టకటకలాడాయి: "మా పూర్వులు ఎరగని ఇలాంటి జంట ఎక్కడ కనిపించినా విడదీసి, ఒకరిని ఉత్తరపు ఎల్లకూ, ఒకరిని దక్షిణపు ఎల్లకూ పంపవలెను. ఎంతటివారికైనా మినహాయింపు లేదు."

మర్నాడు లో ఫూ వెళ్ళేసరికి పొయ్యి ఆరిపోయి ఉంది. వాకిట్లో భటులు. చెంగ్ మూటలో యావ్ ఒక గొడుగు దూరుస్తున్నాడు.

"ఉత్తరాన మంచు కురుస్తుందిట. తల తడుపుకోకు."

"నీ సంగతి చూసుకో. అక్కడ నీకెవడు వండిపెడతాడు?" అన్నాడు చెంగ్.

"ఎవడు వండినా ఉప్పు తగ్గుతుందిలే," అని యావ్ నవ్వబోయి ఏడ్చేశాడు.

లో ఫూ కాసేపు ఆలోచించి భటనాయకుడితో, "వీళ్ళను సాయంత్రం దాకా ఆపు. ముందు పట్టుకోవలసిన పెద్దవాళ్ళు ఉన్నారు. శాసనంలో ఎంతటివారికైనా అని ఉందిగా!" అని, అతన్ని రాజుగారి ముత్తాత వెన్ సమాధికి తీసుకుపోయాడు.

తన తల పోవచ్చని తెలిసి కూడా, లో ఫూ డప్పు వాయించి మూడుసార్లు కేకేశాడు: "మహారాజు వెన్‌గారూ! సేనాపతి హాన్‌గారూ! తాఖీదు వచ్చింది, బయటికి దయచేయండి!"

లోపలినుంచి ఉలుకూ పలుకూ లేదు. పలుగులు తెమ్మన్నాడు.

కబురు అందగానే రాజు ఒంటికాలి చెప్పుతో పరుగెత్తుకొచ్చాడు. వెనకాలే మంత్రి రొప్పుతూ వచ్చాడు.

"ఓరి దుర్మార్గుడా! మా ముత్తాతగారి సమాధి తవ్వుతావా?"

"మీ శాసనం ప్రకారం విడదీస్తున్నాను ప్రభూ! ఈ రాతిమీద ఏముందో ఏలినవారే చదవండి."

ఏటా వచ్చి మొక్కడమే గానీ రాజు దాన్ని ఏనాడూ చదివిన పాపాన పోలేదు. ఇప్పుడు కూడబలుక్కుంటూ చదివాడు: "నా హాన్‌తో ఒకే కంచంలో తిన్నాను, ఒకే దుప్పటి కప్పుకున్నాను. ఒకే మట్టిలో పడుకుంటున్నాను. మమ్మల్ని విడదీసేవాడు నా వంశంవాడు కాడు."

"ఎవరిని ఉత్తరానికి పంపమంటారు ప్రభూ? ముత్తాతగారికి చలి పడుతుందా?" అన్నాడు లో ఫూ వినయంగా.

రాజు మంత్రివైపు తిరిగాడు. లో ఫూ కూడా తిరిగాడు.

"అయ్యా, మన పెద్దలు దీన్ని ఎరగరని తమరెక్కడ చదివారు?"

"వి... విదేశీ పాఠశాలలో."

"మన సంప్రదాయం నేర్చుకోవడానికి మూడు సముద్రాలు దాటి వెళ్ళారా! ఈ వీధి చివరిదాకా వస్తే సరిపోయేది కదండీ!"

ముందు రాజుగారి పొట్ట కదిలింది. తర్వాత భుజాలు. ఆ తర్వాత ఆయన నవ్విన నవ్వుకు ఇద్దరు భటులు పట్టుకోవలసి వచ్చింది. శాసనం చెరిపేయమన్నాడు. చెంగ్‌నూ యావ్‌నూ వాళ్ళింట్లో వాళ్ళను ఉండనిమ్మన్నాడు. తన మెడలోని పచ్చలహారం తీసి లో ఫూ మెడలో వేశాడు.

భటనాయకుడు మాత్రం తాఖీదు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "మరి ముత్తాతగారి మీద నేరం సంగతి, ప్రభూ?"

"ష్..." అంటూ రాజు పెదవుల మీద వేలు పెట్టుకున్నాడు. "ఇద్దరూ నిద్రపోతున్నారు. లేపకండి."