చుక్కమ్మ పంచిన మందు

పంట కాలవ గట్టున ఓ పశువుల పాక ఉండేది. అందులో ఒక పక్క బూడిద రంగు మైల ఎద్దు, ఇంకో పక్క డజను కోళ్ళు కాపురముండేవి. కోళ్ళన్నిటికీ పెద్దదిక్కు చుక్కమ్మ. దానిది ఎంత పెద్ద చెయ్యంటే, ఒక్క చెదపురుగు దొరికినా కొక్కొక్కోమని పాకంతా పిలిచి, తలా కాస్త పెట్టి, తాను ఉత్త ముక్కు తుడుచుకునేది. అలాంటి వాళ్ళని చూస్తే ఎవరికైనా ముద్దొస్తుంది. నక్కకి మాత్రం ఆకలేస్తుంది.

పళ్ళూడిపోయి, వేట మానేసి, వైద్యంలోకి దిగిన నక్క ఒకటి ఆ చుట్టుపక్కల తిరిగేది. కోళ్ళ ఫారాల వెనక పారేసిన మందు పొట్లాలు ఏరి సంచిలో వేసుకుంది, మెళ్ళో ఓ గొట్టం తగిలించుకుంది. దాంతో అందరూ దాన్ని ఆరెంపీ గారనడం మొదలుపెట్టారు.

"చుక్కమ్మక్కా, పిల్లలు మరీ పీలగా ఉన్నారే," అంది ఓ పొద్దున.

"జబ్బేమీ లేదండి. బానే తింటున్నారు."

"జబ్బొచ్చాక వేసేదీ ఓ మందేనా? రాకముందే వెయ్యాలి. రోజూ దాణాలో చిటికెడు కలుపు, నెల తిరక్కుండా ఒళ్ళు చేస్తారు. ఫీజంటావా, రోజుకో గుడ్డు ఇవ్వు చాలు. పళ్ళు లేనోణ్ణి, పచ్చిదే తాగేస్తాను."

తన పిల్లలకొక్కళ్ళకే వెయ్యడానికి చుక్కమ్మకి మనసొప్పలేదు. పక్క పెట్టలు ఏమనుకుంటాయి? పొట్లం విప్పి అందరి దాణాలోనూ దులిపింది. అన్నట్టే పిల్లలు బూరెల్లా తయారయ్యారు.

మైల ఎద్దు నెమరేస్తూ ఇదంతా చూసింది. "చుక్కమ్మా, నా చిన్నప్పుడు తోక ఒక్కసారి విదిలిస్తే ఈగలు కాలవ దాటిపోయేవి. పనున్నా లేకపోయినా రోజంతా ఊపడం నాకలవాటైంది. ఇప్పుడవి నా తోకెక్కి ఉయ్యాలూగుతున్నాయి. నీ మందు సంగతీ అంతేనేమో చూసుకో."

"నీకన్నీ అనుమానాలే మావయ్యా," అని చుక్కమ్మ నవ్వేసింది. పెద్దల మాట చద్దిమూట అంటారు. కడుపు నిండినప్పుడు చద్దిమూట ఎవరు విప్పుతారు?

వానలు పట్టగానే పాకలోకి తెల్లగా విరేచనాలయ్యే తెల్ల పారుడు జబ్బు వచ్చింది. మిగతావాళ్ళు తట్టుకున్నారు గానీ, చుక్కమ్మ కడగొట్టు పిల్ల బుల్లెమ్మ రెక్కలు వేలాడేసి మూలకి చేరింది. చుక్కమ్మ పొడి చిటికెడు వేసింది, ఆనక గుప్పెడు వేసింది. మర్నాటికి బుల్లెమ్మ నీళ్ళు తాగడం కూడా మానేసింది. ఆ పిల్లే పోతే తాను బతికి దండగనుకుంది చుక్కమ్మ.

నక్కకి కబురెడితే, అది పొట్ట పట్టుకుని, గట్టు మీద మూడుసార్లు పొదల చాటుకెళ్ళి మరీ వచ్చింది.

"మీకేమైందండి?"

"మీ గుడ్లు పడలేదక్కా. నాలుగు రోజులై ఒకటే విరేచనాలు."

"మరి మీ మందు మీరు వేసుకోలేదా?"

"వేసుకున్నాను," అంది నక్క నేల చూపులు చూస్తూ. "పనిచెయ్యలేదు."

అది విన్న ఎద్దు వెంటనే కాలవలోకి దిగి, పశువుల డాక్టరు కొంగని వెంటబెట్టుకొచ్చింది. కొంగ ఒంటికాలి మీద నిలబడి పిల్లనీ చూసింది, నక్కనీ చూసింది, పొడి సంగతీ అడిగింది.

"రోజూ చిటికెడు మందు పెట్టారు. చచ్చే క్రిములు చచ్చాయి, చావనివి సంతానాన్ని పెంచుకున్నాయి. మీ పొడి వాటికిప్పుడు ఇడ్లీలోకి నంజుకునే కారప్పొడి. అవే గుడ్లలోకెళ్ళాయి, గుడ్లు తాగినవాడి పొట్టలోకీ వెళ్ళాయి. నా దగ్గర వేరే మందుంది. ఒక్కరికి, ఐదు రోజులకి సరిపడా. మళ్ళీ తేవాలంటే వారం పడుతుంది."

నక్క మూలుగు ఆపింది. "నీ చెయ్యి సంగతి నాకు తెలీదా అక్కా? చెరిసగం వేసుకుందాం. నీకు పరాయివాళ్ళెవరు గనక!"

ఎదురుగా ఉన్నవాళ్ళకి లేదనడం చుక్కమ్మ వంశంలోనే లేదు. కొంగ ముందు పెట్టిన పొట్లం మీదికి వంగింది. "చెరిసగమైతే పనిచేస్తుందా డాక్టరు గారూ?"

"ఇద్దరికీ తగ్గదు. క్రిములు ఈ మందుకీ రాటుదేలతాయి. నక్క పెద్దవాడు, గంజి తాగుతూ పడుకుంటే తట్టుకుంటాడు. ఈ పిల్ల తట్టుకోలేదు."

చుక్కమ్మ పొట్లాన్ని రెక్క కిందకి లాక్కుంది. అలా లాక్కోవడం దానికి అదే మొదలు. సిగ్గూ వేసింది, ఏడుపూ వచ్చింది. "ఇది నా పిల్లకండి. మొత్తం. మీకు ఉప్పేసి గంజి కాచిస్తాను, ఎన్ని కుండలైనా."

నాలుగో రోజుకి బుల్లెమ్మ లేచి చీమల వెంట పరిగెత్తింది.

"బాగైపోయిందిగా," అంది నక్క గంజి కుండ పక్కనించి. "మిగిలిన రోజు మందు నాకిచ్చెయ్యి."

"డాక్టరు గారు ఐదన్నారు. ఐదే."

ఆరో రోజు పొద్దున బుల్లెమ్మ అమ్మ వీపెక్కి కిచకిచలాడితే, చుక్కమ్మ కదిలితే జారిపోతుందని కదలకుండా కూర్చుంది. నక్క పక్షం రోజులు గంజి తాగి, ఎముకల గూడై, చివరికి నోరు తెరిచి ఒక్క గుడ్డు అడిగింది.

"ఉడకబెట్టి పెడతానుండండి," అంది చుక్కమ్మ ప్రేమగా.

కూడు పంచితే ప్రేమ పెరుగుతుంది, మందు పంచితే జబ్బు పెరుగుతుంది.