ఏ వైపు రాయమంటారు?

"వీళ్ళలో ఒక్కరికైనా సొంత అభిప్రాయమంటూ ఎందుకుండదండీ మేడం?" అని అడిగాడు ధనుంజయ్. అడుగుతూనే చేతిలోని చాక్‌పీసు బల్ల మీదికి విసిరాడు. అది పాపం రెండు ముక్కలై కిందికి దొర్లిపోయింది.

సువార్తమ్మ మేడం కాకినాడలో లెక్చరరుగా చేసి రిటైరయ్యాక, మెయిన్ రోడ్డు మీద ఒక టిఫిన్ హోటలు పైన రెండు గదులు అద్దెకు తీసుకుని, పై దేశాల్లో చదువుకోబోయే పిల్లల్ని ఇంగ్లిషు పరీక్షకి తయారుచేస్తున్నారు. ముందు గదిలో ధనుంజయ్ పాఠం చెబుతాడు. వెనక గదిలో ఆవిడ పేపర్లు దిద్దుతారు. అతనూ ఒకప్పుడు ఆవిడ దగ్గర చదువుకున్నవాడే. ఆవిడ అడిగిన వెంటనే బదులు చెప్పే మనిషి కాదు. అడిగినవాణ్ణి కళ్ళద్దాల మీదుగా ఒకసారి చూసి, సంబంధం లేని మాటేదో అంటారు.

ఆ పరీక్ష సంగతి వింటే చోద్యంగానే ఉంటుంది. వినమంటారు, చదవమంటారు, మాట్లాడమంటారు. ఇవి చాలవన్నట్టు ఏదో ఒక విషయమిచ్చి, దీని మీద నీ అభిప్రాయమేమిటో రాయమంటారట. అవునన్నా తప్పు లేదట, కాదన్నా తప్పు లేదట. కాకపోతే ఏదో ఒక వైపు నిలబడి, ఎందుకో చెప్పాలట. మన పిల్లలకి లెక్క ఇస్తే చేస్తారు, పద్యమిస్తే ఒప్పజెబుతారు. నీకేమనిపిస్తోంది అంటే మాత్రం, ఎవరో వచ్చి చెప్పిపోతారేమోనని గుమ్మం వైపు చూస్తారు.

ఆ ఉదయం ధనుంజయ్‌ని అంతగా విసిగించినది నాగహైమ. సముద్రపు చేపల మీద పెద్ద చదువుకి ఆ పిల్లకి సీటు వచ్చింది. మిగతా అన్నిటిలోనూ మార్కులు సరిపోయాయి గానీ, రాతలో అర మార్కు తగ్గుతోంది. ఎల్లుండి పరీక్షలో ఆ అర మార్కు రాకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. గడువులోగా మళ్ళీ పరీక్ష లేదు. అలాంటి పిల్ల లేచి నిలబడి, "సార్, ఊరి మధ్యలోకి కార్లు రానివ్వకూడదా అని ఇచ్చారు కదండీ. ఏ వైపు రాయమంటారు?" అంది.

"నీకేది అనిపిస్తే అది రాయమ్మా."

"ఆయ్. మరి మీకేది అనిపిస్తోందండి?"

"పరీక్ష నీది కదా?"

"అందుకే కదండీ అడుగుతున్నాను. మీదైతే మీరే రాసేసుకుందురు."

క్లాసంతా నవ్వింది. ధనుంజయ్‌కి నవ్వు రాలేదు. ఇదే మాట ఎన్నిసార్లు చెప్పాడో అతనికే తెలియదు. చెప్పి చెప్పి ప్రాణం విసిగి, పోయిన వారం ఇలాంటి విషయానికే తనొక జవాబు రాసి చదివించాడు. రెండు వైపులా మంచీ ఉంది, చెడూ ఉంది అని గోడ మీద పిల్లిలాంటి జవాబు. మధ్యలో ఉదాహరణకి కారు అమ్మేసి రైల్లో తిరుగుతున్న మేనమామ ఒకడు. నిన్న పేపర్లు చూస్తే క్లాసులో అందరికీ ఆ మేనమామే ఉన్నాడు. మేనమామలే లేని పిల్లకి కూడా.

ఇదంతా వెళ్ళగక్కి, "ఎలా నేర్పాలండీ వీళ్ళకి?" అని మళ్ళీ అడిగాడు.

సువార్తమ్మ మేడం దిద్దుతున్న పేపరు పక్కన పెట్టారు. "టిఫిన్ తిన్నావా?"

"ఇప్పుడు టిఫినేంటండీ మేడం?"

"ఆ పిల్లని కూడా రమ్మను."

మెట్లు దిగితే పెద్దిరాజు హోటలే. పెనం మీద పెసరట్టు కాలుతోంది. అల్లం పచ్చడి ఘాటు వీధి దాకా వస్తోంది. పెద్దిరాజు భుజం మీది తువ్వాలుతో బల్ల తుడిచి, ఏం పెట్టమంటారని అడిగాడు.

"నువ్వేం తింటావమ్మా?" అన్నారు మేడం.

"ఏదైనా పర్లేదండి. సార్ ఏది తింటే అదే," అంది నాగహైమ.

చూశారా మేడం, టిఫిను దగ్గర కూడా ఇదే వరస అన్నట్టు ధనుంజయ్ తల పట్టుకున్నాడు.

"మరి నువ్వేం తింటావు?" అన్నారు ఆవిడ అతనితో.

"మీరేది చెబితే అదేనండి," అన్నాడు ధనుంజయ్. పెద్దవాళ్ళు అడిగినప్పుడు నోటికి అలవాటైన మాట అది. అనేసి, అన్నానన్న ధ్యాస కూడా లేకుండా మంచినీళ్ళ గ్లాసు అందుకున్నాడు.

"పెద్దిరాజూ, రోజూ నాకిచ్చేదే ముగ్గురికీ ఇయ్యి."

పెద్దిరాజు కదల్లేదు. "ముగ్గురికీనా అండి? మీకైతే బీపీ ఉంది. వీళ్ళేం పాపం చేశారండీ?"

"ముగ్గురికీ."

మూడు గ్లాసుల్లో రాగి జావ వచ్చింది. ఉప్పు లేదు, మజ్జిగ లేదు, కనీసం ఉల్లిపాయ ముక్క లేదు. పక్క బల్ల మీదికి ఉప్మా పెట్టిన పెసరట్టు పొగలు కక్కుతూ వెళ్ళింది. ముగ్గురిలో ఇద్దరు దాన్ని కళ్ళతోనే సాగనంపారు.

"ఎలా ఉంది?" అన్నారు మేడం, కొంచెం తాగాక.

"బాగుందండి. ఒంటికి చలవ కూడా," అన్నాడు ధనుంజయ్, గుక్క కష్టంగా మింగుతూ.

"నీకో అమ్మా?"

"బాగానే..." అని ఆగింది నాగహైమ. అలవాటుగా సార్ వైపు చూసింది. అతను కళ్ళు మూసుకుని రెండో గుక్క మింగుతున్నాడు. ఆ మొహంలో ఆ పిల్లకి పనికొచ్చేదేమీ లేదు. గ్లాసు నెమ్మదిగా బల్ల మీద పెట్టింది. "బాలేదండి," అంది.

"ఆరోగ్యం కదమ్మా."

"ఆరోగ్యమేనండి, కాదనను. మీకు బీపీ కాబట్టి మీకిదే మంచిది. కానీ నేను పొద్దున్నుంచీ ఏమీ తినలేదు. ఇంకా కూర్చుని రాయాలి. ఇది గంటలో అరిగిపోద్ది. మా అమ్మకి జ్వరమప్పుడు జావ ఇస్తే నోరెత్తకుండా తాగింది. జ్వరం తగ్గాక కూడా ఇస్తే గ్లాసు తీసి పెరట్లోకి విసిరింది. నాకు జ్వరం లేదండి. నాకు పెసరట్టు కావాలి."

ధనుంజయ్ గ్లాసు నోటి దాకా వెళ్ళి ఆగిపోయింది. నెలల తరబడి బోర్డు మీద గీతలు గీసి తను చెప్పినదంతా ఆ మాటల్లో ఉంది. తన వైపేమిటో ఉంది, కారణముంది, ఉదాహరణ ఉంది, అవతలి వైపుకి ఇవ్వాల్సిన మర్యాదా ఉంది. మేనమామ మాత్రం లేడు.

మేడం పెసరట్టు ఒకటి చెప్పి, అది వచ్చేలోగా ఊసుపోక అడిగినట్టు అడిగారు. "ఇంతకీ ఊరి మధ్యలోకి కార్లు రావచ్చా?"

"రాకూడదండి," అంది నాగహైమ. ఈసారి ఎవరి వైపూ చూడలేదు. "మా తాతయ్య ఈ మెయిన్ రోడ్డు దాటలేక ఎదురుగా ఉన్న కొట్టుకి ఆటో ఎక్కి వెళ్తాడండి. చుట్టూ తిరిగి. ఎక్కడైనా ఉందా ఈ విడ్డూరం? సార్, ఏమీ అనుకోకండి, మీరు చెప్పిన జవాబు నేనొప్పుకోనండి."

పెసరట్టు వచ్చింది. ఆ పిల్ల తృప్తిగా తిని, చెయ్యి కడుక్కుని, తాతయ్య సంగతి రాసుకుంటానని పైకి వెళ్ళిపోయింది. ఎల్లుండి పరీక్షలో వేరే ప్రశ్నే ఇచ్చారు గానీ ఆ గొంతుతోనే రాసింది. కావలసిన అర మార్కూ వచ్చింది, సీటూ నిలిచింది. కానీ ఆ పూట ధనుంజయ్‌కి అదంతా తెలియదు కదా. సగం జావ ఉన్న గ్లాసు పట్టుకుని, ఆ పిల్ల ఎక్కిపోయిన మెట్ల వైపు చూస్తూ ఉండిపోయాడు. ముచ్చటగానూ ఉంది, భయంగానూ ఉంది. మళ్ళీ పరీక్ష లేదు. తాతలూ ఆటోలూ అని రాస్తే దిద్దేవాళ్ళు ఏమంటారో. తను ఇచ్చిన జవాబైతే గొప్పది కాకపోయినా తప్పులు లేనిది.

చివరికి మేడం వైపు తిరిగాడు. "ఎల్లుండి ఆ పిల్లని తన ఇష్టమొచ్చినట్టు రాయనివ్వమంటారా అండీ, లేకపోతే పాతదే రాయించమంటారా? మీరేది చెబితే అదే చేస్తాను మేడం."

సువార్తమ్మ మేడం అతని గ్లాసులోకి తొంగి చూశారు.

"నీకింకాస్త జావ పొయ్యమననా?"