రాయుడుగారి కంటే ముందొచ్చిన హంస

నెమలిదుర్గం మహారాజు మల్లభూపతికి కొలువు మొదలయ్యేసరికి నోట్లో తాంబూలం పడాలి. పడకపోతే ఆ పూట ఎవరి ఉద్యోగం పోతుందో చెప్పలేం. ఆ రోజు మాత్రం, తాంబూలం తెచ్చే వెంగమ ఉద్యోగమే పోయేలా ఉంది.

"వారంలో ఇది మూడోసారి," అన్నాడు రాజు. "ఇంకొక్కసారి ఆలస్యమైతే వేరేవాళ్లను చూసుకుంటాను. ఏమైంది?"

"పడవ కదల్లేదు ప్రభూ. మా ఇల్లు ఏటి అవతల. ఈదుకుంటూ వస్తే ఆకులు తడుస్తాయని ఆగాను."

రాజుకు నవ్వొచ్చింది గాని, నోరు ఖాళీగా ఉండటంతో నవ్వలేదు. ఆ పడవలు రాజుగారివే. వాటిని చూసుకునే రేవు అధికారి ముసలివాడై కిందటి నెల తప్పుకున్నాడు. ఆ చోటు ఇంకా ఖాళీగానే ఉంది.

"పడవెక్కే జనానికి ఏం కావాలో ఎవరు సరిగ్గా చెబితే వాళ్లకే రేవు అధికారి ముద్ర," అన్నాడు రాజు.

కొలువులోని పెద్దల్లోంచి ముందు పెద్దిరాయుడుగారి తలపాగా లేచింది. దాని వెనకాలే ఆయన లేచాడు. తలపాగా అంత పెద్దది మరి.

"జనానికి కావలసింది దర్జా ప్రభూ. పడవ ముక్కున బంగారు పూత పూసిన హంస ఉండాలి. పైన పట్టు పందిరి, పక్కన సన్నాయి. హంసను ఇప్పటికే చేయించాను. రేపు పొద్దున్నే కొలువుకు పంపిస్తాను, చూద్దురు గాని."

"మరి పడవలు ఆలస్యమవుతున్నాయంటోంది వెంగమ?"

"నేనూ ఏటి అవతలివాణ్ణే. ఇరవై ఏళ్లుగా దాటుతున్నాను. ఒక్కనాడూ పడవ కోసం ఆగలేదు."

"రాయుడుగారి మాట నిజమే ప్రభూ," అంది వెంగమ అమాయకంగా. "రేపు ఒక్కరోజు తలపాగా, వెండికర్ర ఇంట్లో పెట్టి, తానెవరో ఎవరికీ చెప్పకుండా నాతోపాటు పడవెక్కమనండి. కొలువు గంట కొట్టేలోపు వస్తే ముద్ర ఆయనకివ్వండి, నా ఉద్యోగం తీసెయ్యండి."

"ఓస్, ఇంతేనా?" అన్నాడు రాయుడు.

మర్నాడు పొద్దెక్కకముందే ఇద్దరూ రేవులో ఉన్నారు. పడవ కట్టేసి ఉంది. సరంగు పోలయ్య అందులో పడుకుని ఉన్నాడు.

"ఎప్పుడు కదుల్తుందయ్యా?" అని అడిగాడు రాయుడు.

"కదిలినప్పుడు," అన్నాడు పోలయ్య కళ్లు తెరవకుండా. "ఇరవైమంది నిండితేగాని కట్టు విప్పను. మా తాతల్నాటి ఆచారం."

పద్నాలుగుమందే ఉన్నారు. ఎండ ముదిరింది. రాయుడుగారి బట్టతల మీద ఆ ఎండ తళతళలాడింది. పెరుగమ్మే గౌరక్క జాలిపడి కొంగు చివర ఆయన తలమీద కప్పింది.

"కొత్తా బాబూ? రోజూ ఇంతే. నేను కోటకు చేరేసరికి నా పెరుగు పులిసిపోతుంది. పాలు తోడుపెట్టి ఇక్కడికొస్తే, పడవ కదిలేసరికి ఇక్కడే తోడుకుంటాయి."

ఎట్టకేలకు పంతొమ్మిదిమంది అయ్యారు. ఇరవయ్యోది మేక. పోలయ్య దాన్నీ లెక్కలో వేసుకుని కట్టు విప్పబోయాడు.

"ఆగు, ఆగు" అంటూ ఒడ్డునుంచి కేకలు. నలుగురు నౌకర్లు బంగారు హంసను మోసుకొస్తున్నారు. వాళ్ల ముందు ఒకడు వెండికర్ర పట్టుకుని నడుస్తున్నాడు.

"రాయుడుగారి హంస. అందరూ దిగండి."

పోలయ్య లేచి నిలబడి దండం పెట్టాడు, వెండికర్రకి. తర్వాత అందర్నీ దింపేశాడు. దిగే తోపులాటలో గౌరక్క కుండ ఒలికి, పెరుగు రాయుడుగారి భుజం మీద పడింది. ఒక చెప్పు బురదలో దిగబడిపోయింది. నౌకర్లు ఆయన్ని పక్కకు నెట్టి మరీ హంసను ఎక్కించారు. తలపాగా లేని యజమానిని వాళ్లు ఎన్నడూ చూసి ఎరగరు.

రాయుడు నోరు తెరిచాడు. వెంగమ ఆయన చెవి దగ్గర మెల్లగా అంది:

"మీరెవరో చెబితే పందెం పోతుంది. చెప్పకపోతే పడవ పోతుంది. మీ ఇష్టం."

రాయుడు నోరు మూసుకున్నాడు. హంస ఒక్కతే, మెడ నిక్కించుకుని, ఏరు దాటిపోయింది.

వీళ్లు కోటకు చేరేసరికి రాజు తాంబూలం లేని నోటితో ఆ హంస వంకే గుర్రుగా చూస్తూ కూర్చున్నాడు.

"గంట కొట్టి అయిదు గడియలైంది," అన్నాడు. "హంస మాత్రం వేళకే వచ్చింది."

ఒంటి చెప్పుతో నిలబడ్డ రాయుడికి ఇక నోరు ఆగలేదు.

"ప్రభూ, నిండినా నిండకపోయినా గంట కొట్టగానే పడవ కదలాలి. ఎక్కినవాళ్లను దింపకూడదు, వచ్చింది నేనైనా సరే. రేవులో ఇంత పందిరి వెయ్యాలి, తాటాకుదైనా చాలు. ఎప్పుడు కదుల్తుందంటే 'కదిలినప్పుడు' అన్నాడు ప్రభూ ఆ సరంగు. నాతో!"

"మరి హంస?"

"దాని మొహం నాకు చూపించకండి."

కొలువంతా నవ్వు ఆపుకుంటోంది. రాజు తాంబూలం అందుకుని నోట్లో పెట్టుకున్నాడు. కాస్త శాంతించాడు.

"గెలిచావు వెంగమా. రేవు ముద్ర నువ్వే తీసుకో."

"వద్దు ప్రభూ. జనానికి ఏం కావాలో ఇవాళ రాయుడుగారు చెప్పినంత బాగా నేను చెప్పలేను. ఆయనకే ఇవ్వండి. కాకపోతే రోజూ ఇలాగే, తలపాగా లేకుండా, మా పడవలోనే రావాలి."

రాజు రాయుడి వంక చూశాడు. రాయుడు భుజం మీది పెరుగు తుడుచుకుంటూ తలూపాడు.

"బాగానే ఉంది," అన్నాడు రాజు. "రేపట్నుంచి నా తాంబూలం ఆలస్యమైతే ఎవర్నడగాలి?"

"రాయుడుగార్నే అడగండి ప్రభూ. నాకూ మేకకూ మధ్య కూర్చుని వస్తుంటారు."

రాజు నవ్విన నవ్వుకు నోట్లో తాంబూలం బయటపడబోయింది. ఒక చేత్తో నోరు మూసుకుని, రెండో చేత్తో మెళ్లోని ముత్యాల దండ తీసి వెంగమ పళ్లెంలో వేశాడు. కొలువంతా విరగబడి నవ్వింది. అందరికంటే ఆఖర్న, ఎండకు కందిన తల తడుముకుంటూ, రాయుడూ నవ్వాడు.